ఒడ్డుపొడుగులు – దేహదారుఢ్యము

పూర్వము మన పెద్దలు లోకమును తమ దేహముతోనే కొలిచెడివారు. నాలుగు వ్రేళ్ళ వెడల్పు బెత్తెడు. చేయి చాచినపుడు బొటనవ్రేలి కొననుండి చిటికెనవ్రేలి కొనవఱకు జానెడు. మోచేతినుండి నడిమివ్రేలి కొనవఱకు మూరెడు. రెండు చేతులును ఇరుప్రక్కల చాచినచో బారెడు. పూలమ్మెడి స్త్రీ నేటికిని మాలను మూరలతోనే కొలిచి యిచ్చుచున్నది. పల్లెలలో బావిలోతు నడిగినచో ఇన్ని బారలని చెప్పెడివారు ఇప్పటికిని కలరు.

నేడీ పని తిరుగబడినది. దేహముతో లోకమును కొలుచుటకు మాఱుగా, కొలబద్దతోను త్రాసుతోను దేహమునే కొలుచుచున్నాము. పాఠశాలలలో విద్యార్థుల యెత్తును బరువును కొలిచి వ్రాసి యుంచుట పరిపాటి. ఆ దినమున తరగతిలో జరుగు ముచ్చట మీ రెఱుగనిది కాదు. పొడవుగా నెదిగిన బాలిక భుజములు వంచుకొని నిలుచును. బొద్దుగా నున్న బాలుడు త్రాసెక్కుటకు వెనుదీయును. బక్కపలుచని వాడు తన బరువును ఎవరికిని వినబడకుండ చెప్పవలెనని కోరుకొనును. వెనుకనుండి ఎవరో ‘తాటిచెట్టు’ అనియు, ‘గుమ్మడికాయ’ అనియు, ‘పుల్ల’ అనియు నవ్వుదురు. ఆ నవ్వులకు వెఱచి యొకరు మధ్యాహ్నభోజనము మానుదురు. వేఱొకరు ఆటస్థలమునకు పోవుట మానుదురు. కావున కొలబద్ద చూపెడి సంఖ్య మనకు ఏమి చెప్పుచున్నదో, ఏమి చెప్పలేకున్నదో తెలిసికొనుట వట్టి కుతూహలము కాదు. అది మీ యారోగ్యమునకును, మీ మనశ్శాంతికిని సంబంధించిన విషయము.

మొదట దేహదారుఢ్యమనగా నేమో విచారింతము. కండలు తిరిగిన శరీరమే దారుఢ్యమని పలువురు తలతురు. అది సరికాదు. దినమంతయు చేయవలసిన పనులను అలసట లేక చేసికొని, సాయంకాల మాటలాడుటకును, ఆపద వచ్చినపుడు పరుగెత్తుటకును ఇంకను కొంత సత్తువ మిగిలియున్నచో ఆ దేహము దృఢమైనది. ఈ దారుఢ్యమునకు అంగములు ఐదు. మొదటిది గుండెయు ఊపిరితిత్తులును చాలసేపు పనిచేయగల శక్తి. దీనినే మనము వాడుకలో దమ్ము అందుము. రెండవది కండరముల బలము. మూడవది అదే పనిని పలుమాఱులు చేయగల కండరముల యోర్పు. నాలుగవది కీళ్ళు చక్కగా వంగుట. ఐదవది శరీరమునందు కొవ్వునకును కండకును గల పాలు. ఈ యైదింటిలో త్రాసును కొలబద్దయు కొంతవఱకైన తాకగలిగినది చివరిదానిని మాత్రమే. తక్కిన నాలుగును పనిచేయించి చూచిననే గాని తెలియవు.

అట్లైన కొలతలు వ్యర్థములా? కావు. అవి తెలుపునది వేఱొకటి కలదు, అది పెరుగుదల. ఫ్రాన్సు దేశమున మాంబెయార్ అను పండితుడు 1759లో తనకు పుట్టిన కుమారుని యెత్తును సుమారు ఆఱు నెలల కొకమాఱు కొలిచి, ఆ బాలునికి పదునెనిమిదేండ్లు వచ్చువఱకు, అనగా 1777 వఱకు, విడువక వ్రాసి యుంచెను. ఆతని మిత్రుడును ప్రకృతిశాస్త్రవేత్తయు నైన బుఫాన్ ఆ లెక్కను తన గ్రంథమునందు ప్రకటించెను. ఒకే బిడ్డ పెరుగుదలను పుట్టువునుండి యౌవనమువఱకు చూపెడి తొలి లెక్కగా దానిని శాస్త్రజ్ఞులు నేటికిని స్మరింతురు. ఆ లెక్కలో నొక వింత కనబడినది. శైశవమున వేగముగా సాగిన పెరుగుదల ఏటేట మందగించుచు వచ్చి, బాలుడు పదుమూడు పదునాలుగేండ్ల వాడగునప్పటికి మరల ఒక్కసారిగా ఉరికినది. తరువాత క్రమముగా తగ్గి నిలిచిపోయినది.

ఆ యురుకే మీ యీడున జరుగుచున్నది. బాలికలకు ఇది సాధారణముగా పండ్రెండవ యేటి ప్రాంతమున మిక్కిలి వేగముగా నుండును. బాలురకు పదునాలుగవ యేటి ప్రాంతమున. అందుచేతనే ఏడెనిమిది తరగతులలో బాలికలు పలువురు బాలురకంటె పొడవుగా కనబడుదురు. ఆ వేగము మిక్కుటముగా నున్న సంవత్సరమున ఒకరు ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్లు పెరుగుట సామాన్యము. దేహమంతయు ఒకేసారి పెరుగదు. ముందుగా పాదములును చేతులును, తరువాత కాళ్ళును, ఆపైన మొండెమును పెరుగును. బాలురలో కండలకు సంపూర్ణమైన బలము వచ్చుట ఎత్తు పెరిగిన పిదప సుమారొక యేటికి. కాళ్ళు సాగినవి, కండలింకను వాని వెంట రాలేదు. అందుచే నిన్నటివఱకు చుఱుకుగా గెంతిన వాడు నేడు గడప తన్నుకొని పడుచుండును. వంగి కాలివ్రేళ్ళు తాకగలిగిన బాలిక ఇప్పుడు తాకలేకపోవును. ఇది జబ్బు కాదు, సోమరితనము కాదు. కొన్ని నెలలలో సర్దుకొనునట్టి పెరుగుదల తికమక మాత్రమే. పెద్దలు దీనిని గ్రహించినచో నిందింపరు. పిల్లలు గ్రహించినచో ఆటలు విడువరు.

ఈ యురుకు అందఱికిని ఒకేయేట రాదు. ఒకరికి రెండేండ్లు ముందు వచ్చును. మఱొకరికి రెండేండ్లు వెనుక వచ్చును. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దఱు పదుమూడేండ్ల బాలురలో నొకడు యువకునివలెను, ఇంకొకడు పసివానివలెను కనబడుటకు ఇదియే కారణము. జట్టును ఎన్నుకొనువారు ఒడ్డుపొడుగులను మాత్రమే చూచినచో మొదటివానిని పిలిచి, రెండవవానిని గట్టుపై కూర్చుండబెట్టుదురు. మూడు నాలుగేండ్లకు ఆ రెండవవాడును పెరిగి మొదటివానిని అందుకొనవచ్చును, ఒక్కొక్కప్పుడు మించవచ్చును. కాని అప్పటికి వాడు ఆటను మఱచియే పోయియుండును. కొలబద్ద తప్పు చెప్పలేదు. నేటి కొలతను రేపటి తీర్పుగా భావించుటయే తప్పు.

ఎత్తును బరువును విడివిడిగా చూచిన చాలదనియు, రెంటిని కలిపి చూడవలెననియు తెలిపినవాడు బెల్జియము దేశీయుడగు ఎడాల్ఫ్ కెట్లే. ఈయన 1796లో జన్మించి 1874లో మరణించెను. వృత్తిచే ఖగోళశాస్త్రజ్ఞుడు. నక్షత్రముల గతులను లెక్కించిన గణితముతోనే మనుష్యులను లెక్కింపవచ్చునని తలచి, జనుల యెత్తులను బరువులను సేకరించి పరిశీలించెను. పెరిగిన మనుష్యులలో బరువు ఎత్తునకు నేరుగా కాక, ఎత్తుయొక్క వర్గమునకు అనుగుణముగా హెచ్చుచున్నదని 1830 ప్రాంతమున ఆయన కనుగొనెను. కెట్లే కోరినది సగటు మనిషి యెట్లుండునో తెలిసికొనుటయే. ఎవడు లావు, ఎవడు సన్నము అని తీర్పు చెప్పుట ఆయన యుద్దేశము కాదు. సుమారు నూట నలువదేండ్లకు పిమ్మట, 1972లో, అమెరికా దేశపు శాస్త్రజ్ఞుడు ఏన్సెల్ కీస్ తన సహచరులతో కలసి ఆ లెక్కను మరల పరీక్షించి దానికి ‘బాడీ మాస్ ఇండెక్స్’ అని పేరు పెట్టెను. తెలుగున దీనిని శరీర ద్రవ్యరాశి సూచిక అందురు. ఇక్కడ మనము సూచిక అని వ్యవహరింతము.

లెక్క సులభము. కిలోగ్రాములలో బరువును, మీటర్లలో ఎత్తుయొక్క వర్గముచే భాగింపవలెను. ఒకరి యెత్తు 150 సెంటీమీటర్లు, బరువు 45 కిలోగ్రాములు అనుకొనుడు. 150 సెంటీమీటర్లనగా 1.5 మీటర్లు. దాని వర్గము 2.25. 45ను 2.25చే భాగించినచో 20 వచ్చును. అదియే వారి సూచిక.

ఇక్కడ మీరు జాగ్రత్తగా గమనింపవలసిన దొకటి కలదు. పెద్దవారికి ఒకే హద్దు చాలును గాని, పెరుగుచున్న పిల్లలకు చాలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 మొదలు 19 ఏండ్లవఱకు గల బాలబాలికల కొఱకు 2007లో పట్టికలను ప్రకటించినది. వానిని చూచినచో బాలుర నడిమి సూచిక పదవ యేట సుమారు 16.4, పదుమూడవ యేట 18.2, పదునాఱవ యేట 20.5. అనగా వయస్సుతోపాటు సూచికయు పెరుగును. మనము లెక్కించిన 20 అను సంఖ్య పదేండ్ల బాలునికి వచ్చినచో వాడు అధికబరువు గలవాడని పట్టిక చెప్పును. అదే సంఖ్య పదునాఱేండ్ల బాలునికి వచ్చినచో వాడు సరిగా నడిమిని ఉన్నాడని చెప్పును. సంఖ్య మాఱలేదు, అర్థము మాఱినది. వయస్సు చెప్పక, బాలుడో బాలికయో చెప్పక, సూచికను మాత్రము చెప్పుట ఊరిపేరు లేని ఉత్తరము వంటిది. మన దేశపు శిశువైద్యుల సంఘము భారతీయ బాలబాలికల కొఱకు 2015లో ప్రత్యేకముగా పట్టికలను సవరించి ప్రకటించినది. మీ సూచికను చూపింపవలసినచో అట్టి పట్టికను ఎదుట నుంచుకొనిన వైద్యునికి చూపుడు. ప్రక్కవాని సూచికతో పోల్చుకొనకుడు.

పట్టికలో సరిగా నున్నను సూచిక అంతయు చెప్పదు. త్రాసునకు కండయు కొవ్వును ఎముకయు నీరును ఒక్కటే. 2004లో లాన్సెట్ అను ప్రసిద్ధ వైద్యపత్రికలో ఇద్దఱు వైద్యుల ఫోటోతో నొక చిన్న రచన వెలువడినది. ఒకరు పూనా నగరమునకు చెందిన యాజ్ఞిక్. మఱొకరు ఇంగ్లండునకు చెందిన యుడ్కిన్. ఇద్దఱి సూచికయు 22.3 మాత్రమే. కాని యంత్రములతో పరీక్షింపగా ఒకరి దేహములో కొవ్వు నూటికి 9.1 వంతులు, రెండవవారి దేహములో నూటికి 21.2 వంతులు. ఎక్కువ కొవ్వు గలవారు మన యాజ్ఞిక్ గారే! చూచుటకు సన్నగా నుండియు లోపల కొవ్వు దాగియుండుట భారతీయులలో తఱచుగా కలదని ఆయన పరిశోధనలు చూపినవి. కావున ‘నేను సన్నముగా నున్నాను, నాకు వ్యాయామ మేల?’ అనుకొనుట, ‘నేను లావుగా నున్నాను, నాకు వ్యాయామ మేల?’ అనుకొనుటవలెనే ప్రమాదకరము.

ఈ లోపమును కొంత పూరించుటకు నడుము చుట్టుకొలత తోడ్పడును. కడపటి ప్రక్కటెముకకును తుంటియెముకకును నడుమ, ఊపిరి మామూలుగా విడిచిన పిదప, టేపును బిగింపక చుట్టి కొలువవలెను. ఆ కొలత ఎత్తులో సగమునకు లోబడి యుండుట మేలు. 150 సెంటీమీటర్ల యెత్తు గలవారికి నడుము 75 సెంటీమీటర్లకు తక్కువగా నుండవలెనన్నమాట. ఒక నూలుత్రాడును మీ యెత్తుకు సరిగా తెంచి, సగమునకు మడచి, నడుమునకు చుట్టి చూచినను తెలియును. దీనికి త్రాసు కూడ అక్కఱలేదు.

ఇక అసలు ప్రశ్నకు వత్తము. దేహపు కొలతకును దేహదారుఢ్యమునకును సంబంధ మెట్టిది? సంబంధము కలదు, కాని అది సూటిగీత కాదు. తన దేహమును తానే మోయవలసిన పనులలో, అనగా దూరపుపరుగు, దూకుట, దండెముపై వ్రేలాడి పైకి లాగుకొనుట వంటి పనులలో, ఎక్కువ కొవ్వు బరువుమూటవలె వెనుకకు లాగును. అట్లని సన్నమగుకొలది బలము హెచ్చదు. మిక్కిలి సన్నగా, పోషణ చాలక యున్నవారును తొందరగా అలసిపోవుదురు; వారికి కదలించుటకు కండయే చాలదు. రెండు కొనలును బలహీనములు. నడుమనున్న విశాలమైన మైదానమే మంచిది. ఇక గుండు విసరుట, పిడికిలి బిగింపు, త్రాడులాగుడు వంటి పనులలో పెద్ద దేహమునకు సాధారణముగా లాభము కలదు. పరుగులో వెనుకబడిన బాలుడే త్రాడులాగుడులో జట్టుకు ఆధారస్తంభము కావచ్చును. ఒకే కొలత ఒక ఆటకు భారమై, వేఱొక ఆటకు బలమగుచున్నది.

కుస్తీ, ముష్టియుద్ధము, బరువులెత్తుట మొదలైన క్రీడలలో పోటీదారులను బరువును బట్టి తరగతులుగా విభజింతురు. దేహపు కొలతకు విలువ లేనిచో ఈ విభజనమే అక్కఱలేదు. కొలతయే సర్వస్వమైనచో ఒకే తరగతిలోని వారందఱును సమానబలులు కావలెను, పోటీయే అక్కఱలేదు. ఈ రెండును నిజము కావు. 2000 సంవత్సరము సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్ క్రీడలందు మన శ్రీకాకుళపు ఆడపడుచు కరణం మల్లీశ్వరి 69 కిలోల తరగతిలో 110, 130 కిలోలు ఎత్తి, మొత్తము 240 కిలోలతో కాంస్యపతకమును గెలిచెను. ఒలింపిక్ పతకము నందుకొనిన తొలి భారతీయ మహిళ ఆమెయే. ఆ తరగతిలో నిలిచిన వారందఱి బరువుపరిమితియు ఒక్కటే. పతకములు మాత్రము ముగ్గురికే. మిగిలిన భేదమును తెచ్చినది సాధన.

పొట్టివారు గట్టివారన్న మాటకును శాస్త్రములో కొంత ఆధారము కలదు. మీరు గణితమున చదువుకొనిన ఘనమును తలచుకొనుడు. ఘనము భుజమును రెట్టింపు చేసినచో దాని ముఖవైశాల్యము నాలుగు రెట్లగును, ఘనపరిమాణము ఎనిమిది రెట్లగును. కండరముయొక్క బలము దాని అడ్డకోత వైశాల్యమును అనుసరించి యుండును. దేహపు బరువు ఘనపరిమాణమును అనుసరించి యుండును. కావున దేహము పెద్దదగుకొలది బలము పెరిగినను, బరువు అంతకంటె వేగముగా పెరుగును. చీమ తనకంటె ఎన్నో రెట్లు బరువైన గింజను మోయగలుగుటకు ఇది యొక కారణము. 1988 సియోల్ ఒలింపిక్సులో టర్కీ దేశపు నయీమ్ సులేమానొగ్లు 60 కిలోల తరగతిలో 190 కిలోల బరువును తలపై కెత్తెను. అది ఆతని బరువునకు మూడు రెట్లకు మించినది. ఆతని యెత్తో, సుమారు 147 సెంటీమీటర్లు! ఎనిమిదవ తరగతి బాలు రెందఱో ఆతనికంటె పొడవుగా నుందురు.

కొలబద్దకు అందని మఱొక విషయము రక్తము. రక్తములోని హీమోగ్లోబిన్ ఊపిరితిత్తులనుండి ప్రాణవాయువును కండరములకు మోసికొనిపోవును. దానికి ఇనుము కావలెను. ఇనుము చాలనిచో రక్తహీనత కలుగును. 2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వేయందు మన దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత కలదని తేలినది. ఆ యీడు బాలురలో నూటికి 31 మందికి కలదు. అట్టి బాలిక యెత్తు సరిగా నుండవచ్చును, బరువు సరిగా నుండవచ్చును, సూచిక పట్టికకు నడుమ నుండవచ్చును. అయినను రెండంతస్తుల మెట్లెక్కునప్పటికి ఆయాసపడును. పాఠమునందు మనసు నిలువదు. ఆమెను సోమరి యనుట అన్యాయము. ఆమెకు కావలసినది మందలింపు కాదు. ఆకుకూరలు, పప్పులు, వానితోపాటు నిమ్మ, ఉసిరిక వంటి పుల్లని పండ్లు, వైద్యుని సలహా, పాఠశాలలో వారమున కొకమాఱు ఇచ్చెడి ఇనుపధాతువు మాత్ర.

దేశములకు దేశములే కొలతలను నమ్మి దారుఢ్యమును మఱచిన కథ యొకటి కలదు. 1950 దశాబ్దమున క్రౌస్, వెబర్ అను వైద్యులు కల్పించిన ఆఱు చిన్న పరీక్షలను అమెరికా బాలబాలికలకును, ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లండు దేశముల బాలబాలికలకును పెట్టిరి. కాళ్ళు వంపక వంగి నేలను తాకుట, వెల్లకిల పరుండి లేచుట వంటి పరీక్షలవి. మంచి తిండియు, మంచి వైద్యమును, ఇంటింట కారును గల అమెరికా పిల్లలలో సగమునకు మించి ఏదో యొక పరీక్షలో తప్పిరి. ఐరోపా పిల్లలలో తప్పినవారు పదింట నొకవంతు లేరు. ఈ వార్త విని అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1956లో యువజనుల దారుఢ్యము కొఱకు ప్రత్యేకముగా నొక మండలిని ఏర్పఱచెను. బడికి నడచిపోవుటయు కారులో పోవుటయు, ఈ రెంటికిని గల భేదము త్రాసుపై కనబడక ముందే కీళ్ళలో కనబడినది. నేడు ఆటోలలోను బస్సులలోను బడికి వచ్చి, ఇంటికి పోయి ఫోను ముందు కూర్చుండెడి మన పిల్లలకును ఈ కథ వర్తించును.

అందుచేతనే నేడు కొలతలతోపాటు పనితీరునుగూడ పరీక్షించుచున్నారు. మన దేశమున ఖేలో ఇండియా పథకము క్రింద పాఠశాల విద్యార్థుల కొఱకు ఏర్పఱచిన పరీక్షలలో ఎత్తు, బరువు, సూచిక మొదటి వరుస మాత్రమే. తరువాత 50 మీటర్ల పరుగు వేగమును చూపును. 600 మీటర్ల పరుగు దమ్మును చూపును. కూర్చుండి కాళ్ళు చాచి ముందునకు వంగుట కీళ్ళ వంగుడును చూపును. వెల్లకిల పరుండి సగము లేచుట పొట్టకండరముల యోర్పును, దండీలు చేతులయు భుజములయు బలమును చూపును. ఒకే విద్యార్థి యొకదానిలో ముందుండి, వేఱొకదానిలో వెనుకబడుట సాధారణము. ఈ పరీక్షల యుద్దేశము తరగతిలో మొదటివాని నెన్నుట కాదు. ఎవరికి ఏది కొఱవడినదో తెలిసికొని దానిని సాధన చేయించుట.

ఇట్టి పరీక్షను మీరు ఇంటనే చేసికొనవచ్చును. మణికట్టుపై బొటనవ్రేలి వైపున రెండు వ్రేళ్ళుంచి, పదునైదు సెకనులు నాడిని లెక్కించి నాలుగుచే హెచ్చింపుడు. అది విశ్రాంతినాడి. పిమ్మట మూడు నిమిషములు చుఱుకుగా మెట్టెక్కి దిగుచు, ఆపిన యొక నిమిషమునకు మరల లెక్కింపుడు. దృఢమైన గుండె తొందరగా శాంతించును. రెండు మూడు నెలలు క్రమము తప్పక ఆడిన పిదప మరల చూచినచో ఆ రెండవ సంఖ్య తగ్గియుండుట పలువురకు కనబడును. గుండెజబ్బో ఉబ్బసమో గలవారు మాత్రము వైద్యుని అడిగిన పిదపనే యిట్టివి చేయవలెను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారము 5 మొదలు 17 ఏండ్ల వారు దినమునకు సగటున అఱువది నిమిషములైన దేహము కదలి ఊపిరి వేగముగా పీల్చునట్టి పని చేయవలెను. అందులో వారమునకు మూడు దినములైన కండలను ఎముకలను గట్టిపఱచెడి పని యుండవలెను. ఇందుకు విలువైన సామగ్రి యక్కఱలేదు. చెడుగుడు దమ్మును పెంచును. కోకో మలుపులను నేర్పును. తొక్కుడుబిళ్ళ కాళ్ళకు నిలుకడ నిచ్చును. త్రాడుదూకుట ఎముకలకు మేలు. గుంజీళ్ళు శిక్షగా కాక సాధనగా తీసికొనినచో తొడలకు బలము. బావినుండి నీరు తోడుట, సైకిలు త్రొక్కుట, పొలముపనిలో సాయపడుట గూడ వ్యాయామమే. తిండి మానుట మాత్రము వ్యాయామము కాదు. ఎత్తు పెరుగుచున్న యీడున తిండి మానినవాడు కొవ్వునొక్కదానినే గాక కండను, ఎముకను, చదువును గూడ పోగొట్టుకొనును.

కొలుచుకొనుటకును ఒక పద్ధతి కలదు. చెప్పులు విడిచి, మడమలు గోడకు ఆనించి, చూపు సూటిగా నుంచి నిలువవలెను. ప్రొద్దుననున్న యెత్తు సాయంకాలమునకు ఇంచుమించు ఒక సెంటీమీటరు తగ్గును. వెన్నుపూసల నడుమ నున్న మెత్తని బిళ్ళలు దినమంతయు నిలుచుటచే అణగుటయే కారణము. కావున ఎప్పుడును ఒకే వేళను, ఒకే త్రాసుపై, మూడు నెలలకో ఆఱు నెలలకో ఒకమాఱు కొలుచుకొనిన చాలును. ఒక నోటుపుస్తకమున ఎడమవైపు ఎత్తు, బరువు, నడుము వ్రాయుడు. కుడివైపు పరుగు, వంగుడు, దండీలు, నాడి వ్రాయుడు. ఎడమవైపు సంఖ్యలు చాలవఱకు మీ తల్లిదండ్రులనుండి వచ్చినవి, వయస్సుచే కలిగినవి. కుడివైపు సంఖ్యలలో ఎక్కువభాగము మీ సాధనచే వచ్చునవి. ఎడమవైపు ఎవరిని చూచి నవ్వుటకును హక్కు లేదు. కుడివైపు ఎవరును నిరాశపడ నక్కఱలేదు.

మన ప్రాచీన వైద్యగ్రంథమగు చరకసంహితయందు మనుష్యుని యెత్తు ఎనుబదినాలుగు అంగుళములని చెప్పబడినది. ఆ యంగుళము బజారులో దొరకెడి కొలబద్దది కాదు. ఎవరి వ్రేలి వెడల్పు వారికి అంగుళము. పొట్టివాని వ్రేలు పొట్టివానికి, పొడగరి వ్రేలు పొడగరికి. ఆ మహర్షులు ప్రతి మనుష్యుని వాని వ్రేలితోనే కొలువుమనిరి గాని, పొరుగువాని వ్రేలితో కొలువుమనలేదు. బాలబాలికలారా! మీ దారుఢ్యమునకును ఇదే కొలమానము. నిన్నటి మీతో నేటి మిమ్ము పోల్చుకొనుడు. తరగతిలో ఎవరైన త్రాసెక్కుచున్నపుడు మీ నోటినుండి నవ్వు రాబోయినచో దానిని ఆపి, ఆ సాయంకాల మాటకు వారిని పేరుపెట్టి పిలువుడు.

ప్రశ్నలు

1. దేహదారుఢ్యము యొక్క ఐదు అంగములను పేర్కొని, వానిలో కొలబద్దకు అందనివి యేవో తెలుపుడు.
2. ఒకే సూచిక ఇద్దఱు బాలురకు వేఱువేఱు అర్థముల నిచ్చుట యెట్లు?
3. “కొలబద్ద తప్పు చెప్పలేదు.” ఈ వాక్యమును సందర్భముతో వివరింపుడు.
4. బరువును బట్టి క్రీడాకారులను తరగతులుగా విభజించుటనుండి రచయిత నిరూపించిన రెండు విషయము లేవి?
5. మీ నోటుపుస్తకమున కుడివైపు వ్రాయదగిన నాలుగు కొలతలను ఒక నెల పాటు వ్రాసి, వచ్చిన మార్పును పది వాక్యములలో వర్ణింపుడు.